సంఘానికి టెలిస్కోపు వద్దు, మిద్దె చాలు

పోస్టు కొంచెం పొడుగు. మీ పోస్టులు ఎప్పుడు పొట్టిగా ఉన్నాయి గనక అంటారు, సరే. కాఫీ కలుపుకుని కూర్చోండి.

పది రోజులుగా గ్రూపులో నడుస్తున్న మాట గురించే రాస్తున్నాను. పిల్లల నిధిలో మిగిలిన డబ్బుతో సంఘం భవనానికి ఒక పెద్ద టెలిస్కోపు కొనాలని, లక్ష పైచిలుకు అవుతుందని, దానితో పిల్లలకు సైన్సు మీద ఆశ పుడుతుందని తమ్ముళ్ళు రాశారు. చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. "అన్నా, మీరు రోజూ మిద్దె మీద చుక్కలు చూసే మనిషి కదా, మీరే ముందు నిలబడాలి" అని ఇద్దరు నాకు ఫోను కూడా చేశారు. ముందు నిలబడతాను. కాని కొనవద్దని చెప్పడానికి నిలబడతాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

మాది జోలార్‌పేట. దక్షిణాది రైళ్ళలో తిరిగినవాళ్ళు ఈ పేరు వినకుండా ఉండరు. చెన్నై నుంచి వచ్చే లైను ఇక్కడ చీలి ఒకటి బెంగళూరుకు, ఒకటి సేలం వైపుకు పోతుంది. యార్డు లైట్లు రాత్రిని పగలు చేస్తాయి. తూర్పున యలగిరి కొండ అడ్డం. ఉత్తరాన పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు అడ్డం. ఇన్ని అడ్డాలు పోగా మిగిలిన ఆకాశంలోనే నేను ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. అందుకే చెప్తున్నాను, మనకు కరువైంది పరికరం కాదు.

నా వ్యవహారం ఏమీ పెద్దది కాదు. రాత్రి ఎనిమిదిన్నరకు భోజనం ముగించి, మిద్దె మీద ఆరబెట్టిన వడియాల గుడ్డ జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి (ఇది మా ఇంటావిడ షరతు), చాప పరుచుకుని వెల్లకిలా పడుకుంటాను. కుర్చీలో కూర్చుని తల ఎత్తి చూస్తే పది నిమిషాలకే మెడ పట్టేస్తుంది. మొదటి అర్ధగంట ఏదీ వెతకకూడదు, ఊరికే పడుకోవాలి. కన్ను చీకటికి అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు కావాలి. ఆ లోపల ఒక్కసారి ఫోను వెలిగించి వాట్సాప్ చూశారంటే లెక్క మళ్ళీ మొదటి నుంచి. టార్చి కావాలంటే దానికి ఎర్ర జిగినీ కాగితం చుట్టుకోవాలి. ఎర్ర వెలుతురు చీకటి చూపును అంతగా చెడగొట్టదు. రైల్వేలో ఎర్ర దీపం అంటే ఆగు అని. మిద్దె మీద ఎర్ర దీపం అంటే ఇక చూడు అని.

నా దగ్గర ఉన్న ఆస్తి ఒక్క 10×50 బైనాక్యులర్. చేతులతో ఊరికే పట్టుకుంటే బొమ్మ ఒణుకుతుంది. పిట్టగోడకు మోచేతులు ఆనించి పట్టుకోవాలి. అప్పుడు గురుడి పక్కన నాలుగు చిన్న చుక్కలు ఒకే వరసలో కనపడతాయి. అవి గురుడి చందమామలు. 1610 లో గెలీలియో చూసినవి అవే నాలుగు. ఈ రోజు రెండు ఎడమ పక్క, రెండు కుడి పక్క ఉంటే, రేపటికి ఒకటి అటు నుంచి ఇటు మారి ఉంటుంది. మూడు రోజులు వరసగా కాగితం మీద గీసుకుంటే చాలు, అవి తిరుగుతున్నాయని ఎవరూ చెప్పకుండానే ఎనిమిదో క్లాసు పిల్లకు అర్థమవుతుంది. చందమామను పున్నమి రోజు చూడవద్దు, తెల్లటి పళ్ళెంలాగా ఉంటుంది. సగం చందమామ రోజు చూడండి. వెలుగూ చీకటీ కలిసే గీత మీద గుంటలు, వాటి అంచుల నీడలు కనపడతాయి. శని వలయం మాత్రం ఇందులో కనపడదు. ఆ ఒక్కదానికి టెలిస్కోపు కావాలి, ఒప్పుకుంటాను. ఆ వలయాన్ని మొదటిసారి చూసినవాడు దాన్ని మరిచిపోడు. కాని ఆ ఒక్క చూపు కోసం లక్ష రూపాయలా?

అసలు సంగతికి వస్తాను.

నేను చదివింది తమిళ మీడియం. బడిలో నాకు చుక్క అంటే విణ్మీన్. విణ్ అంటే ఆకాశం, మీన్ అంటే చేప. ఆకాశంలో ఈదే చేప! ఆ మాట మీద నాకు ఈ రోజుకీ ప్రేమే, అంత మంచి మాట ఇచ్చిన బడి మీద కూడా ప్రేమే. ఇక తెలుగు అక్షరాలు నాకు పెద్దయ్యాక వచ్చాయి. అంటే ఆకాశం గురించి నాకు తెలిసిన తెలుగు పుస్తకం నుంచి వచ్చింది కాదు. అంతా చెవి ద్వారా వచ్చిందే, మా అవ్వ పక్కన మిద్దె మీద పడుకున్న రోజుల్లో.

కృత్తికలు మా అవ్వకు పిల్లలకోడి. చిన్నగా, గుంపుగా, ఒకదానిమీద ఒకటి పడుతున్నట్టు ఉంటాయి కదా, అదే తల్లికోడీ పిల్లలూ. పాత తమిళంలో ఈ గుంపునే అరుమీన్ అన్నారు, ఆరు చేపలు. మామూలు కంటికి ఆరే కనపడతాయి గనక. బైనాక్యులర్ పెడితే పదుల్లో పిల్లలు బయటికి వస్తాయి. సప్తర్షులు మా అవ్వకు ముసలమ్మ మంచం. నాలుగు చుక్కలు మంచం కోళ్ళు, వెనక వంపుగా ఉన్న మూడు చుక్కలు మంచాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు. దొంగలు రాత్రంతా లాగుతూనే ఉంటారు, మంచం తిరుగుతూనే ఉంటుంది, తెల్లారిపోతుంది, ముసలమ్మ మంచం ముసలమ్మదే. మృగశిర దగ్గర వరసగా ఉన్న మూడు చుక్కలు గొల్లకావడి. నడుమ గొల్లవాడు, అటొకటి ఇటొకటి పాలకుండలు. ఇక ఆ పాలు ఒలికినట్టు ఆకాశానికి అడ్డంగా తెల్లగా సాగేది పాలపుంత. పుంత అంటే బండ్లు పోయే దారి. పాల దారి. మా మిద్దె మీద ఇప్పుడు పాలపుంత కనపడదు, యార్డు లైట్లు మింగేశాయి. మాట మాత్రం మిగిలింది.

మా అవ్వకు గడియారం చూడడం రాదు. మార్గశిరంలో గొల్లకావడి నడినెత్తికి వస్తే నడిజాము అయిందనేది. నేను తర్వాత లెక్క వేసి చూశాను. డిసెంబరు నడుమ ఆ మూడు చుక్కలు సరిగ్గా అర్ధరాత్రి ప్రాంతానికి మన నెత్తిమీదికి వస్తాయి. చుక్క ఏదైనా రోజుకు నాలుగు నిమిషాలు ముందే వస్తుంది, నెలకు రెండు గంటలు. కాబట్టి జనవరి నడుమ రాత్రి పదికి, ఫిబ్రవరి నడుమ ఎనిమిదికి అదే చోటు. ఉద్యోగం పొడుగునా టైంటేబుల్ పక్కన కూర్చుని బతికినవాణ్ణి. ఇంత కచ్చితంగా నడిచే బండిని ఇంకెక్కడా చూడలేదు.

రైల్వేవాళ్ళకు ఒక చిన్న కథ, పక్కదారి అయినా చెప్పే తీరతాను. 1906 జనవరి 1 న ఇప్పటి ఇండియా టైం వచ్చింది. అంతకు ముందు మన రైళ్ళు నడిచింది మద్రాసు టైం మీద. ఆ టైం ఎక్కడిది? ఈస్టిండియా కంపెనీవాళ్ళు 1792 లో మద్రాసులో కట్టిన నక్షత్రశాలది. ఒక చుక్క ఉత్తర దక్షిణాల గీత దాటే క్షణాన్ని గొట్టంలో నుంచి చూసి గడియారం సరిచేసేవాళ్ళు. ఇప్పటి టైంకి మద్రాసు టైం తొమ్మిది నిమిషాలు వెనక. ఇప్పటి టైం గీత కాకినాడ దగ్గర పోతుంది, అంటే మన యానాం సభ్యులకు అది ఇంటి పక్క గీత. స్టేషన్‌లో వేలాడే గడియారానికీ మా అవ్వ గొల్లకావడికీ మూలం ఒకటే.

ఇప్పుడు మన పిల్లల సంగతి. మా మనవరాలు ఫోను పైకెత్తి "తాతా, ఓరియన్" అంటుంది. తప్పేమీ లేదు, అది ప్రపంచం ఒప్పుకున్న పేరు. కాని ఆ ఆప్‌లో గొల్లకావడి లేదు. మనం చెప్తే తప్ప ఆ పిల్లకు అది ఇంకెక్కడా దొరకదు. బడిలో తమిళం, ఇంగ్లీషు. బళ్ళారిలో ఉన్నవాళ్ళకు కన్నడం, బరంపురంవాళ్ళకు ఒడియా, సోలాపురంవాళ్ళకు మరాఠీ. మన ఇళ్ళల్లో తెలుగు ఎంత మిగిలింది? అన్నం పెట్టు, నీళ్ళు తే, ఎక్కడికి పోతివి, ఇంత లేటా. పొయ్యి దగ్గర మొదలై గడప దగ్గర ఆగిపోతుంది. గడప దాటిన తెలుగు మనకు ఉండేది, పొలం తెలుగు, ఎద్దుల తెలుగు, వాన తెలుగు. పొలాలు అమ్ముకున్నాం, ఎద్దులు పోయాయి, ఆ మాటలకు ఇంక పని లేదు. చుక్కలను మాత్రం ఎవరూ అమ్ముకోలేదు. అవ్వ వేలు పెట్టి చూపించిన చుక్క అక్కడే ఉంది. చూపించే వేలే తగ్గిపోతోంది. మన సంఘంలో ఎనభై దాటిన అమ్మలు, అవ్వలు ఎంతమంది ఉన్నారో కార్యదర్శి తమ్ముడి దగ్గర పట్టీ ఉంది. ఒకసారి తెరిచి లెక్కపెట్టండి, పోయిన ఏడాది పట్టీతో పోల్చి చూడండి. నేను తొందరపడేది అందుకే. టెలిస్కోపు ఇంకో ఐదేళ్ళకు కూడా అంగట్లో దొరుకుతుంది.

ఇంకో సంగతి. మన పిల్లలు ప్రతి ఏడూ అడిగే ప్రశ్న ఒకటుంది, మనం సరిగ్గా జవాబు చెప్పం. "మన కార్తీక పున్నమి వేరు, ఇక్కడి కార్తీక దీపం వేరు, ఎందుకు?" 2023 లో తిరువణ్ణామలై దీపం నవంబరు 26 న, మన కార్తీక పున్నమి 27 న, పక్కపక్క రోజులు. 2025 లో పున్నమి నవంబరు 5 న అయిపోయింది, దీపం డిసెంబరు 3 న వచ్చింది, దాదాపు నెల తేడా. పిల్లలకు అయోమయంగా ఉండదా? పురోహితుణ్ణి అడిగితే పంచాంగంలో అట్లే ఉంది అంటాడు. జవాబు మిద్దె మీద ఉంది.

తమిళ నెల సూర్యుడి నెల. సూర్యుడు ఒక రాశిలో అడుగు పెడితే నెల మొదలు. మన తెలుగు నెల చందమామ నెల, అమావాస్య నుంచి అమావాస్యకు. పున్నమి చందమామ ఏ చుక్క దగ్గర నిలబడితే ఆ చుక్క పేరే నెల పేరు. చిత్త దగ్గర నిలబడితే చైత్రం, విశాఖ దగ్గరైతే వైశాఖం, కృత్తిక దగ్గరైతే కార్తీకం, మృగశిర దగ్గరైతే మార్గశిరం, మఖ దగ్గరైతే మాఘం. చందమామ పన్నెండు నెలలు కలిపితే 354 రోజులే, సూర్యుడికి పదకొండు రోజులు తక్కువ. ఆ లోటు రెండున్నర ఏళ్ళు దాటేటప్పటికి నెల అంత పెరుగుతుంది, అప్పుడు అధికమాసం వేసి సరిచేస్తారు. 2023 లో అధిక శ్రావణం వచ్చింది కదా, అందుకే ఆ ఏడు రెండు పండుగలూ దగ్గరికి వచ్చాయి. ఇంతే. కార్తీక పున్నమి రాత్రి పిల్లను మిద్దె మీదికి తీసుకుపోయి, "చందమామ దగ్గర్లో పిల్లలకోడి ఉండాలి, వెతుకు" అనండి. వెలుతురు ఎక్కువ గనక కంటికి కష్టం, బైనాక్యులర్‌లో దొరుకుతుంది. క్యాలెండరు అనేది ఎవరో అచ్చు వేసిన కాగితం కాదని, ఆకాశంలో నడిచేదని ఆ పిల్లకు తెలుస్తుంది. తెలుగు నెల పేరు ఇక మరిచిపోదు.

ఇక్కడి ఎండాకాలం సంగతి కూడా అంతే. మే నెల రాగానే తమిళ టీవీలో అగ్ని నక్షత్రం మొదలైందని చెప్తారు. ఆ అగ్ని నక్షత్రం ఏది? కృత్తికే. కృత్తికకు దేవత అగ్ని. మా నాయన తరంవాళ్ళు దాన్నే కృత్తిక కార్తె అనేవాళ్ళు, తర్వాత రోళ్ళు పగిలే రోహిణి కార్తె, జూన్ 7, 8 కి మృగశిర కార్తె, దానితో వాన. మే నెలలో మీరు పిల్లలకోడిని ఎంత వెతికినా కనపడదు, ఎందుకంటే సూర్యుడు వచ్చి దాని ముందు కూర్చున్నాడు. తమిళమూ తెలుగూ ఒకే చుక్కను రెండు పక్కల నుంచి పట్టుకున్నాయి. మన పిల్లలు రెండు చేతులతోనూ పట్టుకోగలరు. వాళ్ళకు ఉన్న అదృష్టం హైదరాబాదు పిల్లలకు లేదు, ఈ మాట నేను గొప్పకు చెప్పడం లేదు.

పెళ్ళిళ్ళ దగ్గరికి వస్తే నాకు నవ్వూ కోపమూ రెండూ వస్తాయి. ఉదయం తొమ్మిదిన్నరకు ముహూర్తం, కళ్యాణ మండపంలో ఫాల్స్ సీలింగు. పురోహితుడు చేయెత్తి అరుంధతిని చూడమంటాడు, పెళ్ళికొడుకు ట్యూబులైటును చూస్తాడు, పెళ్ళికూతురు వీడియో కెమెరాను చూస్తుంది. "కనపడిందా?" "కనపడింది." అబద్ధంతోనే కాపురం మొదలు. అరుంధతి నిజంగా ఉంది సామీ! ముసలమ్మ మంచం లాగే ముగ్గురు దొంగల్లో నడిమివాడు వశిష్ఠుడు. అతన్ని ఆనుకుని సన్నగా మెరిసే చుక్క అరుంధతి. మంచి కన్ను ఉంటే ఏ గొట్టమూ లేకుండా కనపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే రాత్రి భోజనాల వేళకే ఉత్తరాన పైన ఉంటుంది. డిసెంబరు పెళ్ళి అయితే అర్ధరాత్రి దాటాకే లేస్తుంది, రెండు గంటలకు మేలుకోవాలి. మన సంఘం పెళ్ళిళ్ళలో కొత్త దంపతులను ఆ రాత్రి కాకపోయినా ఆ వారంలో ఒక రాత్రి మిద్దె ఎక్కించి అరుంధతిని నిజంగా చూపించే ఆనవాయితీ పెట్టాలని నేను రెండేళ్ళుగా అడుగుతున్నాను. మండపం మిద్దె మీద ఫోకస్ లైట్లు ఆర్పడానికి మనసు రావడం లేదు, ఫోటోలు బాగా రావట.

ధ్రువుడి గురించి కూడా చెప్పాలి, ఇది ఈ గ్రూపుకే సరిపోయే ఆట. ధ్రువుడు నేల నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉంటాడో అదే మీ ఊరి అక్షాంశం. చేయి చాచి పిడికిలి పట్టండి. ఆ పిడికిలి అడ్డంగా పది డిగ్రీలు. మాకు ధ్రువుడు పన్నెండున్నర డిగ్రీల మీద, పిడికిలి పైన బొటనవేలు పెట్టినంత. అందుకే పక్కింటి ట్యాంకుకూ వేపచెట్టుకూ నడుమ సందులో నుంచి చూస్తాను. కోవిల్‌పట్టివాళ్ళకు పిడికిలి కూడా నిండదు, తొమ్మిదే. బళ్ళారికి పదిహేను. యానానికి పదహారు పైన. సోలాపురానికి దాదాపు పద్దెనిమిది. బరంపురంవాళ్ళకు పంతొమ్మిది, రెండు పిడికిళ్ళు. మనమంతా ఒకే రాత్రి, ఒకే వేళకు ఎవరి మిద్దె మీద వాళ్ళు నిలబడి పిడికిళ్ళు కొలిచి గ్రూపులో పెడితే, ఎవరు ఎంత ఉత్తరాన ఉన్నారో మ్యాపు లేకుండా తేలిపోతుంది. దక్షిణంవాళ్ళు బాధపడనక్కరలేదు, అగస్త్యుడు వాళ్ళకే ఎక్కువ ఎత్తున ఉంటాడు. రాత్రి ఆకాశంలో మెరుపులో రెండో స్థానం ఆ చుక్కది.

టెలిస్కోపు కావాలన్న తమ్ముళ్ళు ఒక మాట అడిగారు. "అన్నా, మీ పక్కనే కావలూరు ఉంది, అక్కడ పెద్ద టెలిస్కోపు పెట్టి సైన్సు చేయలేదా?" చేశారు. యలగిరి వెనక జవ్వాదు కొండల్లో ఉన్న కావలూరు మా ఇంటి అక్షాంశంలోనే ఉంది, నాకు ఆ గర్వం ఉంది. 1977 మార్చి 10 న యురేనస్ ఒక చుక్కను కప్పినప్పుడు అక్కడి ఒక మీటరు టెలిస్కోపుతో కూడా చూశారు, ఆ గ్రహానికి వలయాలు ఉన్నాయని లోకానికి తెలిసింది ఆ రాత్రే. ఆ స్థలాన్ని ఏరింది వేణు బప్పు. కొండల నడుమ చీకటి ఉంది, ఉత్తరపు చుక్కలూ దక్షిణపు చుక్కలూ రెండూ అందుతాయి. అంటే ఆయన మొదట వెతికింది చీకటిని. మనం చీకటి లేకుండా గొట్టం కొందామంటున్నాం. సంఘం భవనం చుట్టూ ఆరు తెల్ల ఫోకస్ లైట్లు రాత్రంతా వెలుగుతాయి, వాటి నడుమ లక్ష రూపాయల గొట్టం పెట్టి ఏం చూస్తారు? మహారాష్ట్రలో పెంచ్ పులుల అడవిని చీకటి ఆకాశానికని ప్రత్యేకంగా గుర్తించారు, లడఖ్‌లో హాన్లే చుట్టూ అంతే. అంత దూరం మనకు వద్దు, నెలకు రెండు గంటలు స్విచ్చి ఆర్పితే చాలు.

ఇంటి దగ్గర కూర్చుని ఆకాశం చూసినవాళ్ళు మనలో లేకపోలేదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840 ప్రాంతంలో తన ఇంట్లోనే, ఇప్పుడు డాబా గార్డెన్స్ అనే చోట, సొంత నక్షత్రశాల పెట్టుకున్నాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు, 1874 డిసెంబరు 9 న శుక్రుడు సూర్యుడికి అడ్డంగా పోవడాన్ని చూసి లెక్కలు రాశాడు. చూశారా, టెలిస్కోపు ఉంది కదా అంటారు. ఉంది. కాని జగ్గారావు ముందు మద్రాసు పోయి, అక్కడి నక్షత్రశాలలో టేలర్ దొర దగ్గర విద్య నేర్చుకుని, తర్వాతే గొట్టం పెట్టాడు. ఒడిషా సభ్యులకు ఇంకో పేరు బాగా తెలుసు, ఖండపడా పఠాణి సామంత. 1835 నుంచి 1904 దాకా బతికిన మనిషి. వెదురు బద్దలతో, కర్రలతో చేసుకున్న కొలపరికరాలు, మామూలు కన్ను, ఇంతే. వాటితోనే గ్రహాల నడక కొలిచి సిద్ధాంత దర్పణం రాశాడు, అది 1899 లో అచ్చయింది. వెదురు దొరికిందని సామంత అంత కొలవలేదు, ప్రతి రాత్రీ బయటికి వచ్చి నిలబడ్డాడు గనక కొలిచాడు.

మన టెలిస్కోపు సంగతి నేను ముందే చెప్పగలను. మొదటి ఆదివారం మంత్రిగారో ఎమ్మెల్యేగారో వచ్చి రిబ్బను కత్తిరిస్తారు. అరవై మంది పిల్లలు వరసలో నిలబడితే ఒక్కొక్కడికి అర నిమిషం. ఆ అర నిమిషంలో భూమి తిరిగి చందమామ పక్కకు జరిగిపోతుంది, సరిచేసేవాడు లేడు. మూడో నెలలో వాన. నాలుగో నెలలో బీరువా, తాళం చెవి కోశాధికారి దగ్గర, కోశాధికారి కోయంబత్తూరులో. తేమకు అద్దం మీద బూజు. హార్మోనియం ఏమైందో మరిచిపోయారా? కంప్యూటర్లు రెండు ఏమయ్యాయి? ఎవరినీ తప్పుపట్టడం లేదు, తాళం వేసే వస్తువు ఏదైనా మన సంఘంలో అట్లే అవుతుంది.

నేను అడిగేది ఇది. ఏడాదికి పన్నెండు రాత్రులు. ప్రతి నెలా అమావాస్యకు దగ్గరి శనివారం, ఒక సభ్యుడి మిద్దె, రెండు గంటలు లైట్లు ఆర్పాలి. సంఘం డబ్బుతో రెండు బైనాక్యులర్లు, చాపలు, ఎర్ర కాగితం చుట్టిన టార్చీలు. మొత్తం ఇరవై వేలు దాటదు. మిగిలిన డబ్బు పిల్లల నిధిలోనే ఉండనీ. ప్రతి రాత్రికి ఒక పెద్దామె తప్పకుండా రావాలి, రాలేకపోతే ఆమె ఉన్న మిద్దెకే మనం పోవాలి. మెట్లు ఎక్కలేకపోతే వాకిట్లో మంచం వేద్దాం. ఆమె చుక్క చూపించి పేరు చెప్పాలి, కథ ఉంటే కథ చెప్పాలి, ఒక పిల్ల ఫోనులో రికార్డు చేయాలి, ఇంకో పిల్ల నోటుబుక్కులో చుక్కల బొమ్మ గీసి పేరు రాయాలి. తెలుగు రాని పిల్ల తమిళంలో రాయనీ, కన్నడంలో రాయనీ, మాట తెలుగుది అయితే చాలు. ఏ ఊరి పేరో పక్కన రాయాలి, ఇది ముఖ్యం. మాకు గొల్లకావడి మృగశిర దగ్గరి మూడు చుక్కలు. హోసూరువాళ్ళకు అవే చుక్కలో కాదో, సాత్తూరువాళ్ళు ఏమంటారో. ఒకే పేరు వేరే చుక్కలకు ఉంటే కొట్లాడుకోవద్దు, రెండూ రాసుకుందాం. మూడు, నాలుగు వందల ఏళ్ళ కిందట వేరే వేరే ఊళ్ళ నుంచి బయల్దేరి వచ్చినవాళ్ళం, పేర్లు కూడా వేరే వేరే మూటల్లో వచ్చి ఉంటాయి.

ఒకటే షరతు. ఆ రెండు గంటలు రాజకీయం వద్దు, సంఘం ఎన్నికల మాట అసలే వద్దు.

మొదటి రాత్రికి మా మిద్దె ఇస్తాను. ఎనిమిదింటికి వస్తే కాఫీ, మురుకులు మా ఇంటావిడ పూచీ. దుప్పటి తెచ్చుకోండి, మంచు పడుతుంది. ఫోను కింద గూట్లో పెట్టి రావాలి, రికార్డు చేసే పిల్ల తప్ప. రైలులో వచ్చేవాళ్ళు రాత్రి తిరుగు బండి టైం నన్ను అడగండి, అది మాత్రం ఇప్పటికీ నోటికి వస్తుంది.

ఈలోగా ఇంట్లో పెద్దవాళ్ళను ఒక మాట అడిగి కింద రాయండి. అర్ధరాత్రి దాటాక, దక్షిణాన కిందగా, ఒంటరిగా తెల్లగా మెరిసే అగస్త్యుడికి మా అవ్వ ఏ పేరూ చెప్పలేదు. మీ ఇళ్ళల్లో ఎవరైనా చెప్పారా?